మిరియాల బల్ల దగ్గర చోటు

ఎనభైల మొదట్లో మేం డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉండేవాళ్లం. నా వీసాతో ఉద్యోగం చేయడానికి లేదు. మా ఆయన ఆఫీసుకు వెళుతూ నన్ను లైబ్రరీ దగ్గర దింపేవారు. పదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని, ఐరోపా మధ్యయుగాల మీద అక్కడున్న పుస్తకాలన్నీ డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేశాను. అది నాకు ఇప్పటికీ గర్వమే.

ఏటా ఎండాకాలంలో లైబ్రరీ పార్కింగ్ స్థలంలో ఊరివాళ్లు పాతకాలపు సంత పెట్టేవారు. మధ్యయుగాల వేషాల్లో వచ్చి, బల్లల మీద రొట్టెలు, తేనె, కొవ్వొత్తులు, మిరియాలు పెట్టి అమ్మేవారు. ఒక ఏడాది లైబ్రేరియన్ నాతో, "ఈసారి నీకూ ఒక చోటు ఉంచుతున్నాను" అంది. మన పడమటి తీరం నుంచి మిరియాలు వెనిస్ దాకా ఎలా వెళ్లేవో అంతకుముందు వారమే ఆమెకు చెప్పి ఉన్నాను. కాబట్టి ఆ చోటు మిరియాల బల్ల దగ్గరే అనుకున్నాను. చెప్పాల్సిందంతా అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో బట్టీ పట్టాను. పుస్తకంలో బొమ్మ చూసి, వర్తకుడి భార్య వేసుకునేలాంటి ఉన్ని గౌను కుట్టుకున్నాను.

"ఈ ఎండలో ఉన్ని గౌనేంటే? కళ్లు తిరిగి పడితే ఇన్సూరెన్స్ కవర్ చేయదు," అన్నారు మా ఆయన కార్ స్టార్ట్ చేస్తూ.

"మీరు డ్రైవ్ చేయండి చాలు."

నన్ను చూడగానే లైబ్రేరియన్ ముఖం వాడిపోయింది. "చీర కట్టుకోలేదేం? జోస్యం చెప్పే తూర్పుదేశపు ఆవిడ వస్తుందని అందరికీ చెప్పానే!" అంటూ ఒక గుడారం చూపించింది. లోపల నక్షత్రాల దుప్పటి, గాజు గోళం. నాకు జోస్యం రాదన్నాను. "వచ్చినట్టు చెయ్యి, సరదాకే కదా" అంది.

సాయంత్రం స్నేహితుల ఇంట్లో భోజనాలకు కట్టుకుందామని పట్టుచీర కారు డిక్కీలో పెట్టుకుని వచ్చాను. మా ఆయన అడక్కుండానే వెళ్లి తెచ్చారు.

"పెద్దావిడ ముచ్చట పడుతోంది. అడ్జస్ట్ అవ్వు."

"నేను ప్రిపేర్ అయింది వేరే అండీ."

"ఎవరు వింటారే ఇక్కడ నీ మిరియాల పురాణం?"

లైబ్రరీ బాత్రూంలో చీర మార్చుకుని వచ్చి గుడారంలో కూర్చున్నాను. ఎదురుగానే మిరియాల బల్ల. దాని వెనక వర్తకుడి వేషంలో ఒక పెద్దమనిషి. కుళ్లిన మాంసం కంపు తెలియకుండా ఆ రోజుల్లో మిరియాలు చల్లేవారని జనానికి చెబుతున్నాడు. ఉండబట్టలేక కూర్చున్నచోటి నుంచే అన్నాను: "అది నిజం కాదండీ. మిరియాలు కొనగలిగినవాడికి తాజా మాంసం కొనడం ఒక లెక్కా?"

అతను టోపీ తీసి, నడుం వంచి నాకు దండం పెట్టాడు. "మేడమ్, భవిష్యత్తు మీరు చూసుకోండి. గతం మాకు వదిలెయ్యండి."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా.

చివర్లో లైబ్రేరియనే వచ్చి నా ఎదుట కూర్చుని చెయ్యి చాపింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "దూర ప్రయాణం ఉంది" అన్నాను.

"అయ్యో దేవుడా, ఎలా చెప్పగలిగావు!" అంటూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అన్నాళ్లుగా ఆమె కౌంటర్ ముందు నిలబడి నేను చదివినవి చెబుతున్నప్పుడు ఒక్కసారైనా ఆమె నన్ను అలా చూడలేదు.