గుమ్మడిపువ్వుకు ముసుగు

బెల్లం పాకం ముదిరేటప్పుడు వచ్చే ఆ కమ్మటి వాసన నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. మొన్న అనకాపల్లి పక్కనున్న ఒక పల్లెకు వెళ్తే, బెల్లం వండే పాక దగ్గర ఆ వాసన అలాగే ఉంది. అయినా ఏదో వెలితి. కాసేపటికి గాని తెలియలేదు, జుమ్మనే మోత లేదని. ఒక్క తేనెటీగ లేదు. "ఈగల్లేకుండా సేసేనండి! మందు కొట్టించేను," అన్నాడు పాక యజమాని కుర్రాడు, మెచ్చుకుంటాననుకుని. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట నాకు అంటించింది రజియా టీచరమ్మ.

అరవయ్యో దశకంలో అనకాపల్లిలో ఒక ఆడపిల్లల బడిలో ఆవిడ సైన్సు చెప్పేది. నేను కొత్తగా చేరి తెలుగు చెప్పేదాన్ని. ఆవిడ గాజుల దుకాణం వారి అమ్మాయి, నాకన్నా పదేళ్ళు పెద్ద. బక్కమనిషే గాని గొంతెత్తితే బజారు చివరికి వినబడేది. ఆదివారం వస్తే నన్ను వెంటేసుకుని పల్లెలకు బయల్దేరేది. "పుస్తకంలో పువ్వు బొమ్మ చూపించి పాఠమైపోయిందంటే నాకు సిగ్గేస్తుంది. రా," అనేది.

అలా వెళ్ళిన ఒక చలికాలం ఉదయం అప్పలనాయుడనే రైతు బెల్లం పాక ముందు ఆగిపోయాం. పాకం మీద తేలిన మడ్డిలో పురుగుల మందు పొడి కలిపి పళ్ళేల్లో పెట్టారు. చుట్టూ రాశులుగా రాలిన తేనెటీగలు. కొన్ని ఇంకా కాళ్ళు కొట్టుకుంటున్నాయి. టీచరమ్మ మట్టిలో కూలబడి వాటిని దోసిట్లోకి ఎత్తింది.

"నాయుడుగారూ, ఏటిది?"

"ఈగలు టీచరమ్మా. పెనంలో పడి సత్తన్నాయి, పనోల్లని కుట్టేత్తన్నాయి. మూతి వాసిపోయి నిన్నొకడు పారిపోనాడు. నన్నేటి సెయ్యమంటావు?"

అతని బాధ అబద్ధం కాదని ఆవిడా ఒప్పుకుంది. పాక చుట్టూ పాత దోమతెరలు కట్టమంది. విషం కలపని మడ్డిని దూరంగా చేనుగట్టున పెడితే ఈగలు అటే పోతాయంది. నాయుడు పడీపడీ నవ్వాడు. "ఈగలకి బోజనాలెట్టమంటావేటి?" అన్నాడు.

పాక వెనకే అతని భార్య నూకాలు వేసిన గుమ్మడిపాదు. నిండా పువ్వులే, కాయ మాత్రం ఒక్కటీ లేదు. పిందెలన్నీ పసుపు తిరిగి రాలిపోతున్నాయి. గుంజకు సున్నపు బొట్లు పెట్టిన నల్లకుండ, పాత చెప్పు వేలాడదీసింది. "దిష్టి కొట్టేసింది టీచరమ్మా. ఏ పాపిష్టిదాని కల్లు పడ్డాయో!" అంది. ఊళ్ళో ఆడవాళ్ళందరి పాదులూ అంతే. ఒకరి కళ్ళనొకరు అనుమానించుకుని ఇరుగుపొరుగు మాటలు కూడా మానేశారు.

ఆ సాయంత్రం టీచరమ్మ, మర్నాడు విచ్చుకోబోయే, అడుగున బుల్లి పిందె ఉన్న రెండు ఆడమొగ్గలకు తన పాత వాయిలు చీర పీలికలతో ముసుగులు కట్టింది. మర్నాడు బడి వేళకు ముందే ఆడవాళ్ళందరినీ పిలిచి, ఒక పువ్వు ముసుగు విప్పి, మగపువ్వును తెంపి దాని పుప్పొడి రాసి, మళ్ళీ కట్టేసింది. రెండోదాన్ని ముట్టుకోలేదు. "దిష్టే అయితే రెండూ రాలాలి కదా, చూద్దాం," అంది. వారం తిరిగేసరికి పుప్పొడి రాసిన పిందె పిడికెడంత ఊరింది. రెండోది పసుపు తిరిగి రాలిపోయింది.

"పెళ్ళికొడుకు ఇక్కడ, పెళ్ళికూతురు అక్కడ. నడుమ తిరిగే పెళ్ళిళ్ళ పేరయ్య ఆ ఈగే. పేరయ్యకి విషం పెట్టేసి పెళ్ళవలేదని ఏడిస్తే ఎలాగమ్మా?" అంది టీచరమ్మ.

నూకాలు రాలిన పిందెను అరచేతిలో పెట్టుకుని చూసింది. "ఓలమ్మో! అయితే నా పాదుకి దిష్టి మా ఆయనేనేటి!"

ఆ పూట నుంచి నాయుడి కంచంలో కూర లేదు. అన్నం, ఉప్పు, పచ్చిమిరపకాయ. "కూరేదే?" అంటే "నీ ఈగల్నడుగు" అనేది. ఊళ్ళో ఆడవాళ్ళంతా అదే పట్టు పట్టారు. ఆవ పెట్టిన గుమ్మడికాయ కూర మరిగిన మగాళ్ళు ఎన్నాళ్ళని ఓర్చుకుంటారు? నాయుడే విషం పళ్ళేలు గోతిలో పూడ్చి, పాకకు దోమతెరలు కట్టాడు. మడ్డి చేనుగట్టుకు చేరింది. ఎండలు ముదిరేసరికి పాదులు మళ్ళీ కాశాయి. నూకాలు మొదటి కాయను నెత్తిన పెట్టుకుని బడికి తెచ్చింది.

అక్కడితో అయిపోతే ఎంత బాగుండును! ఆ పొడి అమ్మే దుకాణం ఎవరిదనుకున్నారు? మా బడి కమిటీ పెద్దమనిషిదే. పక్క ఊళ్ళవాళ్ళూ పొడి కొనడం మానేసరికి ఆయన టీచరమ్మను పిలిపించాడు. తోడుగా నేనూ వెళ్ళాను. "పువ్వులకి పెళ్ళిళ్ళంటూ ఊళ్ళమ్మట ఏటా కూతలు? గాజులమ్ముకునే సాయిబు కూతురికి వ్యవసాయం దేనికి?" అన్నాడు. ఛీ, అదీ ఒక పెద్దమనిషి నోరే! ఆవిడ తొణకలేదు. "మీ పాదు మీద వాలే ఈగ మతమడిగి వాలుతుందాండి?" అంది.

ఆ వేసవిలోనే ఆవిడ ఉద్యోగం తీసేశారు. క్రమశిక్షణ లేదట! విషం అమ్మినవాడికి బడి వార్షికోత్సవంలో పూలదండ, పూలను కాయించిన మనిషికి ఉద్వాసన. ఆ దండలో పువ్వులకైనా సిగ్గు లేకపోయిందే అని ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను. సబ్బవరం బస్సెక్కుతూ ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నాకోసం ఏడవకు. కోప్పడు. కోప్పడి ఊరుకోకు," అంది. అక్కడ ప్రైవేట్లు చెప్పుకుంటూ, ఆదివారాలు మళ్ళీ పాదుల వెంటే తిరిగిందని తర్వాత విన్నాను.

మొన్న మందు కొట్టించానని మురిసిన కుర్రాడు నాయుడి మనవడే. పాక వెనక అతని భార్య గుమ్మడిపాదు నిండా పువ్వులు. గుంజకు నల్లకుండ, పాత చెప్పు. "పిందె నిలవట్లేదు మామ్మా. దిష్టి తగిలేసింది," అంది ఆ పిల్ల. నా చేతిరుమాలు బర్రున చింపాను. మర్నాటికి విచ్చే రెండు ఆడమొగ్గలు వెతికి ముసుగులు కట్టాను.

"రేపు పొద్దున్నే వస్తాను, ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ పిలిచి ఉంచు," అన్నాను. "అంతవరకు మీ ఆయనకి కూర వండకు."