గేటు పక్క నీళ్లకుండ

ట్రైనింగులో నేను నేర్చుకున్న మొదటి విద్య నీళ్లు తాగకుండా ఉండటం. సోల్డరింగ్ ఆ తర్వాతే వచ్చింది.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చివరి ఏడు అది. ఆరు నెలలు ఏదైనా కంపెనీలో పనిచేస్తేనే పట్టా చేతికొస్తుంది. మా ఎల్లారెడ్డిలో కంపెనీ ఎక్కడిది? అడగ్గా అడగ్గా కామారెడ్డిలో ఒకటి దొరికింది. బోరు మోటార్లకు స్టార్టరు డబ్బాలు చేసేవాళ్లు. కరెంటు ఒక ఫేజు పోతే మోటారు కాలిపోకుండా ఆపే కార్డు కూడా అక్కడే తయారయ్యేది. తొంభైల మొదట్లో ఊరూరా బోర్లు పడుతున్నాయి కాబట్టి ఆ కార్డులకు మంచి గిరాకీ.

బాపు నన్ను వెంటబెట్టుకుపోయి యజమాని ముందు నిలబెట్టాడు. అందరూ ఆయన్ని సార్ అనేవాళ్లు. సార్ నన్ను చూసి, బాపుతో మాట్లాడాడు.

"ఆడపిల్లలు మా దగ్గర ఎన్నడు పనిచెయ్యలే. వాళ్లకు కావల్సిన సౌలతులేం లేవు ఈడ."

బాపు నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "ఏం అవసరం లేదు సార్. నేను అడ్జస్ట్ అయిత."

ఏ సౌలతుల గురించి అన్నాడో మొదటి రోజు పొద్దెక్కకముందే తెలిసొచ్చింది. మగవాళ్లకు షెడ్డు వెనక గోడ ఉంది. నాకేమీ లేదు. గేటు పక్కన తడిగుడ్డ చుట్టిన నీళ్లకుండ, దాని మీద స్టీలు గ్లాసు ఉండేవి. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దాన్ని చూడకుండా నడవడం అలవాటు చేసుకున్నాను. సోల్డరింగ్ పొగకు గొంతు పిడచకట్టుకుపోయేది. మీద రేకులు, కింద వేడి గన్ను. అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. "అందుకే ఆడపిల్లలను వద్దన్న" అంటాడు సార్, నా పట్టా గంగలో కలుస్తుంది. మోటారు కాలిపోకుండా ఇంత చక్కని కార్డు చేసే కంపెనీలో, ఆ మోటారుకున్న భాగ్యం నాకు లేకపోయింది.

పొద్దున పాలప్యాకెట్ల వేళకు ఎల్లారెడ్డిలో బస్సెక్కేదాన్ని. సీటు దొరికితే ఆ రోజు పండగే. సాయంత్రం తిరుగు బస్సులో నిలబడి, గతుకుల రోడ్డు మీద పొత్తికడుపు బిగపట్టుకుని ఇల్లు చేరేసరికి, చెప్పులు విప్పడానికి కూడా ఓపిక ఉండేది కాదు. రెండో నెలలో చలిజ్వరం, మంట. డాక్టరమ్మ నీళ్లు బాగా తాగమంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అమ్మ తల పట్టుకుంది. "చెప్తే మానం పోతది, చెప్పకుంటే పానం పోతది. ఏం కంపెనీ బిడ్డా అది? మానెయ్ పో."

మానలేదు. జ్వరం తగ్గగానే మళ్లీ బస్సెక్కాను. మొండితనం అనుకోండి, ఇంకేమన్నా అనుకోండి.

షెడ్డు పక్క సందులో ఒక ముస్లిం పెద్దామె ఇల్లు ఉండేది. మధ్యాహ్నం నేను ఆ గోడ నీడలోనే కూర్చుని టిఫిన్ డబ్బా విప్పేదాన్ని. ఆమె తలుపు సందులోంచి కొన్నాళ్లు చూసి, ఒకరోజు బయటికొచ్చింది.

"ఏం బేటీ, బువ్వ తింటవు, పానీ తాగవు?"

నేను తల దించుకున్నాను. ఆమెకు ఇంకో మాట అవసరం లేకపోయింది. "యా అల్లా," అని నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. దుబాయిలో ఉన్న కొడుకు కట్టించిన కొత్త బాత్రూం చూపించింది. బయటికొచ్చేసరికి చెంబెడు నీళ్లు చేతికిచ్చింది. ఆమె ముందే ఏడ్చేశాను. ఆ రోజు నుంచి ఆమె నాకు పిన్ని వరసన ఖాలా అయింది. రోజూ మధ్యాహ్నం ఒక్కసారి ఆ ఇంట్లోకి పోయి నీళ్లు తాగి వచ్చేదాన్ని. మిగతా పొద్దంతా పాత లెక్కే.

ఆరు నెలలు నిండాయి. చివరి రోజు సార్ అందరినీ పిలిచి, మిఠాయి తెప్పించి, నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు.

"ఈ పిల్లను చూసి నేర్చుకోండ్రి. కుర్చీల కూసుందంటే లేవదు. నీళ్లకు గూడ లేవదు! రేపటి సంది మన దగ్గరే కొలువు."

అందరూ చప్పట్లు కొట్టారు. సార్ చెడ్డవాడు కాదు. ఆ సంగతి ఆయన తలలోకి రాలేదు, అంతే. ఆ 'అంతే' మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఇంట్లో కొలువు అవసరం. చేతులు జోడించి మిఠాయి తీసుకున్నాను.

మరుసటి ఏడు గాంధారి వైపు నుంచి ఒక అమ్మాయి ట్రైనింగుకు వచ్చింది. ఇంకా రెండు జడలే వేసుకునే పిల్ల. సార్ ఆమెకూ అదే చెప్పాడు, సౌలతులు లేవని. చెప్పి నా వైపు చెయ్యి చూపాడు.

"గా అక్కను చూడు. ఏడాదిల ఎన్నడన్న ఏమన్న అడిగిందా?"

"అడ్జస్ట్ అయిత సార్," అంది ఆ పిల్ల.

నా చేతిలో గన్ను ఆగిపోయింది. నేను పడ్డ పాట్లన్నీ ఆయన నోట్లో మెచ్చుకోలు అయి, ఇప్పుడు ఈ పిల్ల మెడకు చుట్టుకుంటున్నాయి. లేచి నిలబడ్డాను.

"నేను అడ్జస్ట్ కాలే సార్. పక్కింటి ఖాలా లేకుంటే ఎన్నడో మానేసి పోయేదాన్ని. ఆడోళ్లకు ఓ బాత్రూం కట్టియ్యుండ్రి."

సార్ ముఖం ఎర్రబడింది. "చూద్దాం," అని గదిలోకి వెళ్లిపోయాడు. బాత్రూం లేచేసరికి ఆ చూద్దాం రెండు వానాకాలాలు నడిచింది.

ఆ పిల్లను రమ్మని గేటు దగ్గరికి నడిచాను. అందరూ చూస్తుండగా కుండలో గ్లాసు ముంచి, గటగటా తాగాను. ఇంకోసారి ముంచి ఆమెకిచ్చాను. ఆమె గ్లాసు పట్టుకుని, తాగకుండా, సార్ గది వైపు చూసింది.

"తాగు చెల్లె. మధ్యాహ్నం ఖాలా ఇంటికి పోదాం," అన్నాను.

ఏడాది పాటు రోజూ దాని పక్క నుంచే నడిచాను. ఆ కుండలో నీళ్లు అంత చల్లగా ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది.