ఉప్పుమళ్ళ నవల రెండుసార్లు

ఈ ఏడాది జ్ఞానాంబకు నచ్చిన నవలలు మూడే. మిగతావన్నీ ఆమె నోటుబుక్కులో చీవాట్లు తిన్నాయి. పొడుగాటి రూళ్ళ నోటుబుక్కు అది. పుస్తకం ముగించిన రోజునే తారీఖు వేసి, నాలుగు వరుసల్లో తన తీర్పు రాసేస్తుంది. పాకాల లైబ్రరీలో దొరికినవైనా, తిరుపతి పోయినప్పుడు కొనుక్కొచ్చినవైనా ఆ కోర్టు దాటి పోవలసిందే. వేసవిలో చదివిన ఒక లావుపాటి ప్రేమ నవల గురించి ఇలా రాసింది: "మూడు వందల పేజీల్లో హీరో ఒక్క పూటైనా అన్నం తిన్నట్టు లేదు. ఏం పని చేసి బతుకుతాడో చెప్పని మనిషి ప్రేమను నేను నమ్మను." ఒక సినిమా నటి ఆత్మకథకు రెండే వాక్యాలు దక్కాయి: "పేరు రాకముందు పడిన కష్టం కళ్ళకు కట్టినట్టు చెప్పింది. పేరు వచ్చాక మాత్రం లోకంలో అందరూ మంచివాళ్ళే అయిపోయారు."

నవల చదివి ఏడ్చేవాళ్ళంటే ఆమెకు చిరాకు. ఏడుపు కావాలంటే వీధిలోకి పోతే చాలంటుంది.

జ్ఞానాంబ నా భార్య, నా అక్క కూతురు. మా వైపు ఇది మామూలే. పెళ్ళయి నలభై ఏళ్ళయినా నన్ను మామా అనే పిలుస్తుంది. పోయిన ఏడాదే టీచరుగా రిటైరయింది. పిల్లలకు తెలుగు చెప్పిన నోరు గనక ఇంట్లోనూ ఊరుకోదు. నేను "సూడు" అంటే "చూడు" అని దిద్దుతుంది. "చ నీకేం అపకారం చేసింది మామా?" అని అడుగుతుంది. నేను నవ్వి మళ్ళీ "సూడు" అనే అంటాను. ముప్పై మూడేళ్ళు పాకాల జంక్షన్‌లో టికెట్లిచ్చిన ధనశేఖర్‌ను నేను. ధర్మవరం బండి, కాట్పాడి బండి ఏ స్టేషనుకు ఎన్ని గంటలకు చేరుతాయో కాగితం చూడకుండా చెప్పేవాణ్ణి. జ్ఞాపకం విషయంలో నాకు కొంచెం పొగరు ఉండేది.

కార్తీకంలో ఒకరోజు ఆమె వీధిలోని ఆడవాళ్ళతో కలిసి తిరుచానూరు బ్రహ్మోత్సవాలకు పోయింది. నేను ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాను. ఏమీ తోచక నోటుబుక్కు తీశాను. ఈ వారం ఎవరికి చీవాట్లు పడ్డాయో చూసి నవ్వుకుందామని తప్ప వేరే ఉద్దేశం లేదు.

ఆఖరున రాసిన పేజీలో, ఉప్పుమళ్ళలో పనిచేసే ఒక పిల్ల మీద వచ్చిన నవల గురించి ఉంది. తారీఖు నవంబరుది. "ఉప్పు ఎలా పండుతుందో రచయిత్రికి తెలుసు. తండ్రి చచ్చిపోయిన రోజు కూడా ఆ పిల్ల మడిలోకి దిగడం నమ్మేలా ఉంది. పెళ్ళి మాత్రం అతికించినట్టుంది." సరే, బాగుంది అనుకుని వెనక పేజీలు తిరగేశాను. జూలైలో మళ్ళీ అదే నవల పేరు కనిపించింది. కింద ఇలా ఉంది:

"ఉప్పు ఎట్ల పండుతాదో రాసినామెకు తెలుసు. నాయన సచ్చిన దినం కూడా ఆ పిల్ల మడిలోకి దిగేది నమ్మేట్టు ఉండాది. పెండ్లి మాత్రం అతికించినట్టు ఉండాది. సివరికి ఆ పిల్ల సముద్రం తట్టు సూసేది సదివినప్పుడు నాకు ఏడుపొచ్చినాది."

నాలుగు నెలల కింద చదివిన నవలను కొత్తగా చదివినట్టు చదివి, అవే మాటలు మళ్ళీ రాసింది. ఇంతకుముందు చదివానన్న ముక్క ఎక్కడా లేదు. పైగా ఆ జూలై రాత చూడండి. అక్షరాలు వంకరటింకరగా, ఒక వరుస మీదికి, ఒక వరుస కిందికి పోయాయి. "సివరికి" అని రాసిన పిల్లల చేత "చివరికి" అని పదిసార్లు రాయించిన మనిషి ఆమె. అలాంటి మనిషి చ అక్షరం మరిచిపోయింది. ఏడ్చానని రాసుకుంది. నోటుబుక్కు ఎక్కడిది అక్కడ పెట్టేసి మంచం మీద కూర్చున్నాను.

నా భయానికి కారణం ఉంది. జ్ఞానాంబ తల్లి చివరి అయిదేళ్ళు అన్నీ మరిచిపోయి మా ఇంట్లోనే పోయింది. మొదట్లో తోమిన గిన్నెలు పరుపు కింద దాచిపెట్టేది. ఆ తరవాత, ఎప్పుడో పోయిన మొగుడికి అన్నం పెట్టమని అడిగేది. ఒకరోజు తల దువ్వుతున్న జ్ఞానాంబ మొహంలోకి చూసి, "నువ్వు ఎవురి బిడ్డవమ్మా?" అని అడిగింది. "నీ బిడ్డనేమా" అంది జ్ఞానాంబ, దువ్వెన ఆపకుండానే. ఆ పొద్దున్నే పెరట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మామా, నాకు గానీ ఇట్ల వస్తే ముందు నాకే చెప్పల్ల. ఎవురెవురికో చెప్పి నాకు దాచిపెడితే మాత్రం ఊరుకోను."

"రాదులేమే నీకు."

"వస్తే చెప్తానని మాటియ్యి."

మాటిచ్చాను. ఆమె తల్లి పోయి ఆరేళ్ళయింది. ఆ జబ్బు నా భార్యను వెతుక్కుంటూ మళ్ళీ మా గడప తొక్కిందని, చెప్పవలసింది నేనేనని ఇప్పుడు తెలిసింది.

చెప్పలేకపోయాను. తిరుచానూరు నుంచి వచ్చి ప్రసాదం చేతిలో పెడితే తిన్నాను. చెప్పే ముందు ఖాయం చేసుకుందాం అనుకున్నాను. పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనక ఆమె పొరపాట్లు రాయడం మొదలుపెట్టాను. మంగళవారం కరివేపాకు తెమ్మంది. తెచ్చి ఇస్తే, "పొద్దున తెచ్చినావు గదా మామా, మళ్ళీ ఏమిటికి?" అంది. తెమ్మన్నదీ తనే, వద్దన్నదీ తనే. గురువారం, మా స్టేషనుమాస్టరు మేకకు టికెట్టు అడిగిన కథ చెప్పబోతే, "ఇది చెప్పినావు గదా" అంది. నేను ఆ కథ ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఆదివారం గొడుగు బియ్యం డబ్బా పక్కన దొరికింది. అది కూడా రాశాను. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఉతకడానికి వేసేటప్పుడు ఆమె కంటపడుతుందేమోనని, చొక్కా విప్పినప్పుడల్లా దాన్ని తీసి తలగడ కింద పెట్టేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఆమె ఒక పాత సినిమా గాయకుడి ఆత్మకథ తెచ్చుకుంది. సాయంకాలం కాఫీ తాగేటప్పుడు నాకు చదివి వినిపించేది. ఇంతకుముందు ఆమెకు అలాంటి అలవాటు లేదు. ఒకరోజు ఎత్తుకున్న అధ్యాయంలో ఆ గాయకుడు, నలభై ఏళ్ళుగా పాడిన పాటలో రెండో చరణం స్టేజీ మీద మరిచిపోతాడు. గొంతు పట్టేసినట్టు దగ్గి, కిందికి దిగుతాడు. అతనికి మతిమరుపు మొదలైందని భార్యకు ముందే తెలుసు. ఏడాదిపాటు దాచి పెడుతుంది. కచేరీకి ముందు పాట కాగితం అతని జేబులో తనే పెడుతుంది.

జ్ఞానాంబ పుస్తకం మూసింది. "ఆయమ్మది తప్పు మామా. ప్రేమంటాడు ఈయన, ప్రేమంట. పిరికితనం అది. మనిషి సంగతి ఆ మనిషికే చెప్పకుండా ఎట్ల ఉంటారు?"

"ఏమో, సెప్పేదానికి ఆయమ్మకు నోరు రాలేదేమో" అన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసింది. నా జేబులో కాగితం ఉంది. ఆమెకు తన సంగతి తెలిసిపోయిందని, నా చేత చెప్పించాలనే ఈ పుస్తకం చదువుతోందని నాకు అనిపించింది. కాఫీ గ్లాసు కింద పెడితే చప్పుడవుతుందని చేతిలోనే పట్టుకున్నాను. అంత భయం నాకు రైల్వేలో పనిచేసిన ముప్పై మూడేళ్ళలో ఒక్కరోజూ కలగలేదు.

ఇంకో వారం ఓర్చుకున్నాను. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇక లాభం లేదని నోటుబుక్కు తెచ్చి ఆమె ముందు పెట్టాను. నవంబరు పేజీ ఒకటి, జూలై పేజీ ఒకటి తెరిచి చూపించాను.

"మాటిచ్చినాను గాబట్టి సెప్తా ఉండా. ఇది సూడు, ఇదీ సూడు. ఒకే నవల. నీకు మీ అమ్మ జబ్బు వచ్చినట్టు ఉండాది జ్ఞానా." జేబులో కాగితం కూడా తీసి పెట్టాను. "తిరుపతికి పోదాం. నేనుండా గదా."

ఆమె ఆ కాగితం మొత్తం చదివింది. కరివేపాకు దగ్గర వేలు ఆగింది. మేక దగ్గర ఆగింది. కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె లేచి పోయి పెన్ను తెచ్చింది.

"మామా, నేను చెప్పేది రాయి. చివరికి ఆ పిల్ల సముద్రం వైపు చూసింది."

"ఇప్పుడు ఇదేమిటికి?"

"రాయి."

ఆ పొరపాట్ల కిందే రాశాను. ఆమె దాన్ని తీసుకుని జూలై పేజీ పక్కన పెట్టింది. నేను రాసింది ఇది: "సివరికి ఆ పిల్ల సముద్రం వైపు సూసింది." ఒక వరుసే అయినా మీదికి ఎక్కింది. రెండు చోట్లా ఒకే స. ఆ స కింద ఒకే రకం తోక. రైల్వేలో బతుకంతా ఇంగ్లీషులో రాసి, తెలుగు రాయవలసి వస్తే నోటికి వచ్చినట్టు రాసేవాడి చెయ్యి అది. నా దస్తూరీని నేనే గుర్తుపట్టలేదు.

"జూన్ ఆఖర్లో నా కంటికి ఆపరేషన్ అయింది. జ్ఞాపకం ఉండాదా?" అంది.

ఉంది. తిరుపతి ఆసుపత్రి జ్ఞాపకం ఉంది, నల్లద్దాలు జ్ఞాపకం ఉన్నాయి. రోజుకు ఆరుసార్లు చుక్కల మందు వేసింది నేనే. అదీ ఉంది.

"నెల దినాలు నన్ను చదవొద్దన్నారు. పిచ్చిపట్టినట్టు ఉంటే నువ్వే ఆ నవల చదివి వినిపించినావు. ఇరవై రెండు మధ్యాహ్నాలు, ఈ కుర్చీలోనే. ముగించినాక తీర్పు నేను చెప్తే నువ్వు రాసినావు. కన్ను బాగయినాక నేను మళ్ళీ చదువుకున్నాను. విన్నది చదివిన లెక్కలోకి రాదు గదా."

నేను వెతికాను. ఎంత వెతికినా ఆ ఇరవై రెండు మధ్యాహ్నాల్లో ఒక్కటీ దొరకలేదు. కుర్చీ కనిపించింది. కుర్చీలో నేను కనిపించలేదు.

"ఏడుపొచ్చినాదని నేను చెప్పలా మామా" అంది జ్ఞానాంబ, వేలు ఆ వాక్యం మీద పెట్టి. "అది నువ్వే రాసుకున్నావు. నాకు కట్టు లేదు గదా అప్పటికి, నీ కండ్లనీళ్ళు సూసినాను." ఆమె నోట చ బదులు స రావడం నేను వినడం అదే మొదలు.

"ఎప్పుట్నించి తెలుసు నీకు?"

"మేక కథ నాలుగోసారి చెప్పినప్పుట్నించి. చెప్పల్లని ఆ పాటగాడి పుస్తకం తెచ్చుకున్నాను. చదవగలిగినాను గానీ చెప్పలేకపోయినాను. ఆయమ్మను తిట్టినది నన్ను తిట్టుకున్నట్టే."

అప్పుడు తట్టింది నాకు. ఈ ఆరేళ్ళూ, అంతకు ముందు అయిదేళ్ళూ నేను దాన్ని "మీ అమ్మ జబ్బు" అంటూ వచ్చాను. జ్ఞానాంబ రక్తంలో ఉందేమోనని కాపలా కాశాను. ఆ అమ్మ నాకు అక్క. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళం. అత్తగారైన రోజునుంచి ఆమెను నా అక్క లెక్కలోంచి తీసేసినట్టున్నాను. జబ్బు మాత్రం నన్ను లెక్కలోంచి తియ్యలేదు.

"భయమేస్తా ఉండాది జ్ఞానా" అన్నాను.

"నాకూ" అంది.

వచ్చే గురువారం తిరుపతిలో డాక్టరును చూడాలి. ఇదంతా నేను ఆమె నోటుబుక్కు వెనక పేజీల్లో రాస్తున్నాను. ఉన్నదున్నట్టు ఎత్తిరాసిన మాటలు వదిలి, చ రావలసిన చోటల్లా నా స ను ఎర్ర పెన్నుతో చ చేస్తూ ఆమె పక్కనే కూర్చుంది. అందుకే మీకు ఇది ఇంత శుభ్రంగా కనిపిస్తోంది.

నిన్నటినుంచి భోజనాలయ్యాక ఆ కుర్చీలోనే కూర్చుని ఉప్పుమళ్ళ నవల ఆమెకు చదువుతున్నాను. నలభై పేజీలయ్యాయి. ఆ పిల్ల నాయన అంటే నాకు చాలా ఇష్టంగా ఉంది. నేను పైకి చదువుతుంటే జ్ఞానాంబ నా మొహం చూస్తూ కూర్చుంటుంది. తరవాత ఏమవుతుందో ఆమెకు తెలుసు. నాకు తెలియదు.