చిమ్మట మీసాలు, నా లేబుళ్లు

నిన్న ఇన్స్పెక్టర్ ముంగట నా సైన్సు గతి ఏమైందో వినుండ్రి! నవ్వుడు ఆఖర్ల నవ్వుండ్రి.

మీకెరుకే, మా రామన్నపేట బడిల నేను సైన్సు సారును, ఇంకా పర్మినెంట్ కాలే. ఎగ్జిబిషన్‌ల ఇన్స్పెక్టర్‌ను మెప్పిస్తే అయితదన్నడు హెడ్మాస్టర్. ఇగ నెల రోజులు దీపం చుట్టు తిరిగే చిమ్మటలను పట్టుడు, లెన్సు పెట్టి రెక్కల ఈనెలు, మూతి, మీసాలు చూసుడు, ఏది ఏ కుటుంబమో లేబుల్ రాసుడు! రేగుచెట్టు మీది పట్టుగూళ్లు తెచ్చి బుట్టల పెడితే రెండు తీర్ల చిమ్మటలు వచ్చినయి. ఎర్రదానికి ఈకల లెక్క గుబురు మీసాలు, పచ్చదానికి సన్నటి మీసాలు. ఇంకేంది? రెండు కుటుంబాలు, రెండు పెట్టెలు!

మా అండాలు కాపురానికొచ్చి రెండు నెలలే. మగ్గం నేసేటోళ్ల బిడ్డ. "అన్నం పెట్టిన", "నీళ్లు తోడిన", గంతే మాట. ఇల్లంత పురుగులు నింపిన్నని కోపమేమో అనుకున్న. అడిగే ధైర్యం నాకేడిది?

నిన్న పొద్దుగాల పెట్టెలు చంకల పెట్టుకొని ఎల్లుతుంటే దర్వాజకు అడ్డం నిలవడ్డది.

"ఇగో, జర ఆగుండ్రి. గీ ఆలుమొగల్ని ఏరు పెట్టిండ్రేంది?"

"ఆలుమొగలా? మీసాలు చూడు, ఏరే ఏరే కుటుంబాలు!"

"గుబురు మీసాలున్నోడు మొగోడు. గా మాత్రం దానికి గంత అద్దమెందుకు?" అనుకుంట బుట్ట మూత తీసింది.

లోపట రాత్రి గూళ్లల్లకెల్లి కొత్తగ వచ్చిన ఎర్రది, పచ్చది జంటగట్టి ఉన్నయి! ఆమె కొంగు అడ్డం పెట్టుకొని పకపక నవ్వింది. రెండు నెలల్ల మొదటిసారి! నిజం చెప్తున్న, నాకు పానం లేచొచ్చింది. నూలుకు పెట్టే గంజి ఆమెనే తెచ్చింది, కొత్త లేబుల్ ఇద్దరం కలిసి అంటిచ్చినం.

ఇన్స్పెక్టర్‌ది ఆంధ్ర దిక్కు. లెన్సు పెట్టి చూసి, "భేష్! మీసాల్లో ఇంత తేడా ఉన్నా రెండూ ఒకటేనని ఎలా పట్టుకున్నారండీ?" అన్నడు.

అబద్ధం నోటికి రాలే.

"నేను కాదు సార్, మా కుటుంబం" అన్న. పెండ్లాన్ని మనం గట్లనే అంటం గదా.

"ఏ కుటుంబం?"

"అండాలు, సార్."

ఆయన తల ఊపి, పెన్ను తీసి రిపోర్టుల రాసుకున్నడు: కుటుంబం, అండాలు!

దిద్దుదామని నోరు తెరిచి మళ్ల మూసుకున్న. నెల రోజులు నేను చెప్పిన కుటుంబాలల్ల తప్పు లేనిది గదొక్కటే!