సోఫాలో నోరీన్ హాస్కిల్

నోరీన్ హాస్కిల్ మొహం తెలియని ఇల్లు అమెరికాలో ఉండదు. పేరు తెలిసిన ఇళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బర్బాంక్‌లో కూరగాయల దుకాణానికి వెళితే ఎవరో ఒకరు వెనకాలే వచ్చి, "మీరు మా బళ్ళో పాఠాలు చెప్పేవారు కదూ?" అంటారు. "అవును నాయనా, నీ అల్లరి భరించలేకే మానేశాను" అంటుంది తాపీగా. కాదని చెప్పి, ఏ సీరియల్లో ఏ నర్సు వేషమో వివరించే ఓపిక ఆమెకు ఎప్పుడో పోయింది.

బేకర్స్‌ఫీల్డ్‌లో చమురు బావుల దగ్గర పనిచేసే తండ్రికి పుట్టి, ఇరవై నిండకుండానే బస్సెక్కి లాస్ ఏంజెలెస్ వచ్చింది. మొదటి వేషం నర్సు. ఒకటే డైలాగు: "డాక్టర్ గారూ, నాడి అందడం లేదు." ఆ తరవాత బతుకంతా నర్సులు, జడ్జీలు, ఇంటి యజమానురాళ్ళు, వితంతువులు, ఒకటి రెండుసార్లు శవం. హీరోయిన్ కావాలన్న ఆశ ముప్పై దాటేసరికి చల్లారిపోయింది. అందుకు ఏడుస్తూ కూర్చునే రకం కాదు. సెట్లో లైట్లు సర్దే వాల్ట్‌ను పెళ్ళాడింది, హాయిగా కాపురం చేసింది, అతను పోయాక నెల తిరక్కుండా మళ్ళీ మేకప్ వేసుకుంది. కాగితం ఒకసారి చూస్తే చాలు, డైలాగు ఆమె నాలుక మీద ఉండేది. ఆమె వల్ల ఒక్క టేకు కూడా చెడలేదని పేరు. ఆమెకున్న గర్వమల్లా అదే.

డెబ్భై ఎనిమిదో ఏట ఆ గర్వానికే దెబ్బ తగిలింది. మొదట ఒక మాట జారిపోయేది. తరవాత ఒక వాక్యం. ఒక రోజు పొద్దున్నే కాఫీ పెట్టుకుంటూ వాల్ట్ పేరు కోసం వెతుక్కుంది. గుక్కెడు కాఫీ దిగేలోపు దొరికింది కానీ, మధ్యాహ్నం దాకా ఆ పేరే పైకి అనుకుంటూ తిరిగింది.

భయపడక ఏం చేస్తుంది? తల్లిని చూసింది కదా. ఆవిడ చివరి రోజుల్లో వృద్ధాశ్రమంలో ఉండేది. టీవీలో నోరీన్ నర్సు వేషంలో కనిపిస్తే, "ఈ నర్సమ్మ చాలా మంచిదండీ" అని పక్కనే కూర్చున్న నోరీన్‌కే చెప్పేది. కూతురు గుర్తులేదు, వేషం గుర్తుంది. తనకూ అదే రాసిపెట్టి ఉందేమోనని నోరీన్ లోలోపల చచ్చిపోతుండేది. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. తెలిస్తే వేషం పోతుంది. వేషం పోతే ఇక ఇంట్లో ఆ భయమూ తనూ మాత్రమే మిగులుతారు.

అప్పుడామె ఒక హాస్య సీరియల్లో బామ్మ. శుక్రవారాలు జనాన్ని ఎదురుగా కూర్చోబెట్టి తీసేవారు. జోకుకు నవ్వు రాకపోతే రచయితలు అక్కడికక్కడే కొత్తది రాసి, రంగు కాగితం మీద తెచ్చి చేతిలో పెట్టేవారు. గులాబీ రంగు కాగితం కంటబడితే నోరీన్‌కు ఆ రోజు గండమే. కానీ ఆ వృత్తిలో పాత ఉపాయం ఒకటుంది. డైలాగు చీటీ మీద రాసి, ప్రేక్షకులకు కనబడకుండా పళ్ళ గిన్నె వెనకో ఫ్రిజ్ తలుపు లోపలో అంటించుకోవడం. కుర్ర నటులు కూడా చేసే పనే కనుక ఎవరూ అనుమానించలేదు. బామ్మ ఎందుకు ఎప్పుడూ వంటగదిలోనే తిరుగుతుందని అడిగిన వాళ్ళూ లేరు.

ఆ శుక్రవారం జోకు పేలలేదు. గులాబీ కాగితం వచ్చింది. నోరీన్ చీటీ రాసుకుని పళ్ళ గిన్నె వైపు నడుస్తుండగా డైరెక్టర్ డెవిన్ పరుగెత్తుకొచ్చాడు.

"నోరీన్ గారూ, వంటగది వద్దండీ. ఈసారి సోఫాలో కూర్చుని చెప్పండి. మీ మొహం దగ్గరగా తియ్యాలి."

"సోఫాలోంచి లేవాలంటే క్రేను తెప్పించాలి నాయనా" అంది, తప్పించుకోవడానికి.

"నేనే ఎత్తుకుంటా లెండి!" అని నవ్వేసి వెళ్ళిపోయాడు.

సోఫా దగ్గర చీటీ అంటించడానికి చోటు లేదు. చీటీ జేబులో కుక్కి కూర్చుంది. కొడుకు వేషం వేసే గ్రేడీ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, ఇవాళ ఏం రోజో గుర్తుందా?"

"గుర్తులేకేం, నిన్ను కన్న తప్పుకు ఏటా కేకు కోసే రోజు" అని ఆమె అనాలి. నోరు తెరిచింది. మాట లేదు. వెతికింది, ఎక్కడా లేదు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె తలెత్తి చూసింది. ఎదురుగా ఎవరో మగమనిషి, తన మీదకు వంగి నిలబడ్డాడు. లైట్లు ఎందుకున్నాయో, చీకట్లో అంతమంది ఎందుకు కూర్చున్నారో తెలియలేదు.

"బాబూ," అంది సన్నగా, "నువ్వెవరు?"

హాలు దద్దరిల్లిపోయింది. జనం పగలబడి నవ్వారు, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకే ఆమె మళ్ళీ ఈ లోకంలో పడింది. గ్రేడీ, డెవిన్, శుక్రవారం, అన్నీ గుర్తొచ్చాయి. చిర్నవ్వు కూడా తెచ్చుకుంది పాపం.

"మరొక్కసారి, అచ్చం అలాగే!" అన్నాడు డెవిన్. రెండోసారి ఆమె నటించింది. నవ్వు సగమే వచ్చింది.

"మొదటిదే ఉంచుదాం. అందులో భయం నిజంలా ఉంది" అన్నాడు. రచయితలు చుట్టూ మూగారు. "కొత్త కథ దొరికిందండీ! ఇకనుంచి బామ్మకు మెల్లమెల్లగా మతిమరుపు. అవార్డు రాకపోతే మమ్మల్నడగండి!"

నోరీన్ అందరికీ దండం పెట్టినంత పనిచేసి మేకప్ గదిలోకి వచ్చి పడింది. ముప్పై ఏళ్ళుగా ఆమె మొహానికి రంగు వేస్తున్న ఒఫీలియా తలుపు మూసి, దూది తడిపింది. నోరీన్ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒసేయ్ ఒఫీలియా, ఇక నాకు నిజంగా మతి పోయినా వీళ్ళకు తెలియదే. నేను గుమ్మం తెలియక గోడలు తడుముకుంటున్నా, భలే చేస్తోందని మురిసిపోతారు. నువ్వొక్కదానివి కనిపెట్టి ఉండవే. ఎప్పుడైనా అది నటన కాదనిపిస్తే, నువ్వు మాత్రం చప్పట్లు కొట్టకు."

ఒఫీలియా దూది పక్కన పెట్టి, ఆమె పక్కనే కూలబడింది. కళ్ళు తుడుచుకుంది.

"ఇవాళ నేను కొట్టలేదక్కా."