నల్లా వచ్చే పొద్దున ఆ గల్లీలో మా సైకిళ్లు

చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంట్ వాళ్లం, పక్క వీధి వాళ్లం కొందరం కలిసి ఆదివారం పొద్దున్నే సైకిళ్ల మీద తిరగడం మొదలుపెట్టి కొన్ని నెలలైంది. మాలో పందేలకు తయారయ్యేవాళ్లు ఎవరూ లేరు. ఇద్దరిద్దరుగా పక్కపక్కన తొక్కుతూ, వారమంతా కుదరని కబుర్లు చెప్పుకుని, చివర ఎక్కడో ఒకచోట టిఫిన్ తిని ఇల్లు చేరడమే మా యాత్ర. దారి ఎంచే పని నాది. నేనొక బ్యాంకులో క్లర్కును. అక్కడ నా మాట అడిగి ఎవరూ ఏ పనీ చేయరు. అందుకే కాబోలు, పదిమంది నా వెనక సైకిళ్లు తిప్పుతుంటే నాకు కొంచెం గర్వంగా ఉండేది.

మా పాత దారి సులువైనదే. సెంట్రల్ లైబ్రరీ దగ్గర కలుసుకుని, నారాయణగూడ చౌరస్తా మీదుగా హిమాయత్‌నగర్ వెళ్లి, హైదర్‌గూడ చుట్టి వెనక్కి రావడం. తాపీగా తొక్కినా గంటలోపు అయిపోతుంది. కానీ ఆరున్నర దాటిందంటే బస్సులు, ఆటోలు మొదలవుతాయి. ఒకరి వెనక ఒకరం బారుగా పోవాల్సిందే తప్ప నోరు విప్పే వీలుండదు. "గిదేం రైడ్ మాధవీ, మాట్లాడుకునుడే లేదు," అని అందరూ గునుస్తుంటే, బండ్లు రాని దారి ఒకటి వెతుకుతానని మాటిచ్చాను.

రెండో శనివారం, బ్యాంకుకు సెలవు. మధ్యాహ్నం ఒక్కదాన్నే సైకిల్ తీసుకుని అశోక్‌నగర్ వైపు వెళ్లాను. కోచింగ్ సెంటర్ల వీధులు, జిరాక్స్ షాపులు దాటి ఇంకాస్త లోపలికి పోతే ఒక బస్తీ గల్లీ కనిపించింది. కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు. రెండు పక్కలా నీలం, గులాబీ రంగు గోడలు. గడపల ముందు చెప్పులున్నాయి, మనుషులు లేరు. ఒక్క బండి కూడా ఎదురు రాలేదు. అటు చివర మళ్లీ పెద్ద రోడ్డుకే కలుస్తోంది. ఫోటో తీసి గ్రూపులో పెట్టి, "రేపటి దారి ఇదే" అని రాశాను.

మా జట్టులో రవీందరన్న అందరికన్నా పెద్దవాడు. నారాయణగూడలో ఆయనకు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. వెంటనే ఫోన్ చేశాడు.

"మంచిగనే ఉంది గానీ, పొద్దుగాల ఎట్లుంటదో ఒకసారి చూసినవా?"

"గల్లీ గల్లీనే కదన్నా. పొద్దున వేరే గల్లీ అయితదా?" అన్నాను.

ఆయన నవ్వి ఊరుకున్నాడు. నా మాటకు నేనూ నవ్వుకున్నాను.

ఆదివారం ఆరింటికి బయలుదేరాం. ముందు నేను. దుమ్ము పడకుండా ముఖానికి గుడ్డ, నల్ల కళ్లద్దాలు, హెల్మెట్, పుట్టినరోజుకు కొనుక్కున్న నారింజరంగు బూట్లు. వెనక అందరూ జంటలు జంటలుగా మాట్లాడుకుంటూ వస్తున్నారు. ఇన్నాళ్లకు అసలైన రైడ్ కుదిరిందని సంబరపడుతూ గల్లీ మలుపు తిరిగాను.

గల్లీ నిండా మనుషులు. మంచినీళ్ల నల్లా వచ్చే రోజది. గుంతలో ఉన్న నల్లా చుట్టూ ఆడవాళ్లు, వరసగా బిందెలు, బకెట్లు. ఒక గడప ముందు చీర అడ్డం కట్టి ఎవరో స్నానం చేస్తున్నారు. ఇంకో గడప దగ్గర ఒకాయన పళ్లు తోముకుంటున్నాడు. నేను దిగి ఉండాల్సింది. కానీ నా వెనక ఇంతమంది ఉన్నారు, నేను చూపిన దారి ఇది. బెల్లు కొట్టాను. ఒకసారి కాదు, ఆపకుండా కొట్టాను. స్నానం చేస్తున్నావిడ చీర అంచు బిగించి పట్టుకుని గోడకు ఒదిగింది. ఆడవాళ్లు బిందెలు పక్కకు లాక్కున్నారు.

నల్లా నుంచి ఒక ఇంటి ముందున్న డ్రమ్ములోకి పైపు అడ్డంగా వేసి ఉంది. దాన్ని చూసేసరికే ముందు చక్రం పైపుకు తట్టుకుంది. పడిపోకుండా కాలు ఆనించబోయి బిందెల మీద వేశాను. మూడు బిందెలు దొర్లిపోయాయి. పైపు కొస డ్రమ్ములోంచి జారి పక్కనున్న మురికి మోరీలో పడింది. యాభై ఏళ్ల ఒకావిడ పరుగున వచ్చి, "అయ్యో నా నీళ్లు! నల్లా బందయితదమ్మా!" అంటూ మోరీలో చేయి పెట్టి పైపు పైకి లాగింది.

"సారీ అమ్మా, సారీ," అన్నాను, సైకిల్ మీద నుంచే. రవీందరన్న దిగి, దొర్లిన బిందెలు నిలబెడుతున్నాడు. నేను ముందుకు కదిలి, వెనక్కి తిరిగి పిలిచాను. "అన్నా, రా, లేటయితది."

దేనికి లేటవుతుంది? టిఫిన్‌కు.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు పక్కన మేం ఎప్పుడూ తినే చిన్న హోటల్ ఉంది. ఇడ్లీ ముప్ఫై ఐదు, దోసె అరవై. పల్లీ చట్నీ ఎంత అడిగితే అంత వేస్తారు. అందరూ బల్లల చుట్టూ చేరి నవ్వుకుంటున్నారు. నేను బిందెల మీద కాలు వేయడం ఎవరో అభినయించి చూపిస్తే నేను కూడా నవ్వాను. రవీందరన్న ప్లేటు ముట్టలేదు.

"ఆమె పైపు కడిగి మళ్ల పెట్టేలోపల్నే నల్లా బందయింది," అన్నాడు. "మళ్ల ఎల్లుండి దాక రాదంట. ఇంట్ల ఆయనకు జ్వరమంట. నువ్వు పిలిస్తే వచ్చిన గానీ, మనసుల మంచిగ లేదు మాధవీ."

బల్ల చుట్టూ నవ్వు ఆగిపోయింది.   ఆమె దగ్గరికి పోయొస్తానని సగం దోసె వదిలేసి లేచాను. "నేను రానా?" అని రవీందరన్న అడిగితే వద్దన్నాను. ఆయన ఎదుట తప్పు ఒప్పుకోవాల్సి వస్తుందని భయం.

ఇంటికెళ్లి సైకిల్ పెట్టేసి, చుడీదార్ వేసుకున్నాను. సందు చివర దుకాణంలో రెండు పెద్ద నీళ్ల క్యాన్లు తీసుకుని ఆటో ఎక్కాను. దగ్గరే కాబట్టి యాభైకి ఒప్పుకున్నాడు. గల్లీ మొదట్లో ఆటో ఆగిపోతే, డ్రైవరే రెండు క్యాన్లూ ఒక్కొక్కటిగా భుజాన వేసుకుని వచ్చి, ఆ డ్రమ్మున్న గడప ముందు దింపి వెళ్లాడు.

ఆమె తడి నేల ఊడుస్తోంది. తల ఎత్తి చూసి, "ఎవరమ్మా?" అంది.

గుర్తుపట్టలేదు. హెల్మెట్ లేదు, ముఖానికి గుడ్డ లేదు. ఆ ఒక్క క్షణంలో నేనెవరో చెప్పేయాల్సింది. "పొద్దున మీ నీళ్లు పోయినయని తెలిసింది. అందుకే తెచ్చిన," అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. చీపురు పక్కన పడేసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "నీ కడుపు సల్లగుండ బిడ్డా! ఎవరు జెప్పిండ్రో ఏమో. జర కూసో, చాయ్ తాగి పో."

ఆమె పేరు బాలమ్మ. సొంతూరు మహబూబ్‌నగర్ దిక్కు. మొగుడూ పెళ్లాలిద్దరూ స్లాబ్ పనికి వెళ్తారు. ఈ రోజు కూడా పని ఉందట. నీళ్లు పట్టుకుని, జ్వరంతో ఉన్న మనిషికి అంత జావ కాచిపెట్టి పోదామనుకుంటే, ఈ గొడవలో పనివాళ్ల ఆటో వెళ్లిపోయిందట. లోపలి నుంచి ఆయన దగ్గు వినిపిస్తోంది. నేను గడప మీద కూర్చుని చాయ్ గ్లాసు పట్టుకున్నాను.

"సైకిళ్లోల్లు వొచ్చిండ్రమ్మా, పొద్దుగాల్నే. తానం జేసే ఆడమనిషి ఉన్నదని గూడ సూడలే. ముంగటామె అయితే సారీ సారీ అనుకుంటనే పోయింది. దిగలే."

"అయ్యో! దిగకుండ ఎట్ల పోయింది?" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. 

పక్కింటి అమ్మాయి సరిత, ఇరవై ఐదేళ్లుంటాయి, క్యాన్ లోపల పెట్టడానికి సాయం వచ్చింది. వంగినప్పుడు ఆమె చూపు నా కాళ్ల దగ్గర ఆగింది. తొందరలో నేను బూట్లు మార్చలేదు.

"పెద్దమ్మా," అంది మెల్లగా, "గీ బూట్లు నేను పొద్దుగాల జూసిన. గీమెనే."

బాలమ్మ నా బూట్ల వంక చూసింది, తర్వాత నా ముఖంలోకి చూసింది.

"నేనేనమ్మా," అన్నాను. "చెప్పాలనే వచ్చిన…"

"మరి జెప్పలే గద." ఆమె గొంతు పెంచలేదు. "నీళ్లు పోయినయంటే పోయినయి. రోజు ఏదో ఒగటి పోతనే ఉంటది మాకు. నేను నీకు దండం బెడుతుంటె సూస్కుంట కూసున్నవా?"

 క్షమించమని అడిగినట్టున్నాను. సరిగ్గా ఏ మాటలు అన్నానో గుర్తులేదు. చాయ్ గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. సరితే వచ్చి గ్లాసు తీసుకుని, మిగిలిన చాయ్ మోరీలో పారబోసింది.

"నీళ్లు వాపస్ తీస్కపోవాల్నా?" అని అడిగాను. ఎంత తెలివిలేని ప్రశ్న!

"ఎందుకు? నీళ్లకేం కోపం?" అంది బాలమ్మ. "ఇంట్ల మనిషి జరం గోలి మింగాలె. ఉండనీ." మళ్లీ చీపురు అందుకుని, నేను లేచాక అంది. "నల్లా వొచ్చే పొద్దు గిటు రాకుండ్రి. అంతగ రావాల్సొస్తె దిగి నడువుండ్రి. గంతే."

ఆ సాయంత్రం గ్రూపులో జరిగినదంతా రాశాను, దండం సంగతితో సహా. కొందరు "ఇంతదానికి అంత బాధెందుకు" అన్నారు. రవీందరన్న రాత్రి ఫోన్ చేసి, "వచ్చే వారం దారి మనిద్దరం కలిసి చూద్దాం. పొద్దుగాలనే," అన్నాడు. అలాగే చూశాం. ఇప్పుడు లైబ్రరీ దగ్గర ఐదున్నరకే కలుసుకుంటున్నాం. బస్సుల రద్దీ మొదలుకాక ముందే హిమాయత్‌నగర్ చుట్టి, అశోక్‌నగర్ పెద్ద వీధుల్లోంచి వెనక్కి వస్తున్నాం. నిద్ర కాస్త తగ్గింది, కబుర్లకు లోటు లేదు.

తర్వాత ఒక రోజు బ్యాంకుకు వెళ్తూ అశోక్‌నగర్ చౌరస్తాలో బాలమ్మను చూశాను. చేతిలో సద్ది డబ్బాతో, పనికి వెళ్లే ఆడవాళ్ల మధ్య నిలబడి ఉంది. నేను స్కూటీ ఆపి నమస్కారం పెట్టాను. ఆమె చూసింది. నవ్వలేదు, ముఖం తిప్పుకోలేదు. ఇంతలో వాళ్ల ఆటో వస్తే ఎక్కి వెళ్లిపోయింది. అంతకు మించి ఆమె నాకేమీ బాకీ లేదు. బిందెలు తన్నినందుకు పడ్డ సిగ్గు కొన్నాళ్లకు తగ్గింది. తప్పు చేసిన చోటికే మంచిదాన్నై తిరిగి వెళ్లి, ఆ మంచితనానికి దండం పెట్టించుకున్నందుకు పడ్డ సిగ్గు మాత్రం తగ్గడం లేదు. తగ్గాలని కూడా నేనిప్పుడు కోరుకోవడం లేదు.

జట్టుగా సైకిల్ యాత్రకు దారి వెతికేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీరు వారంలో ఏ రోజు, ఏ గంటకు తొక్కబోతున్నారో, అంతకు ముందు వారం అదే రోజు, అదే గంటకు ఒక్కరే నడిచి వెళ్లి చూడండి. అక్కడ గడప ముందు కనిపించిన మనిషిని, "ఈ టైముకు మేం ఇటు రావచ్చా?" అని అడగండి. వద్దంటే ఆ దారి వదిలేయండి.