మోరి దగ్గరి చీమలు

పెళ్ళయి హుమ్నాబాద్ నుంచి బీదర్ వచ్చిన కొత్తలో మా అత్త నాకు వంట నేర్పలేదు, పూజ నేర్పలేదు. చీమల్ని వెతకడం నేర్పింది. నాకు ఒళ్ళు మండిపోయేది. కన్నడ బడిలో చదువుకున్న పిల్లనని పుట్టింట్లో ఎంతో గొప్పగా చెప్పుకునేవారు. ఇక్కడికొచ్చి గోడల వెంట వంగి చీమల వెనక తిరగాల్సి వచ్చింది. మా రాష్ట్రానికి మైసూరు పేరు తీసేసి కర్ణాటక అని పెట్టిన రోజులవి. బయట ఆఫీసుల బోర్డులన్నీ మారుతుంటే, మా ఇంట్లో మాత్రం పొద్దున లేస్తే అదే యుద్ధం.

ముందు బెల్లం దుకాణం, వెనక ఇల్లు, మధ్యన ఒక్క గోడ. అది కూడా మా ఊరి ఎర్రరాతి గోడ, ఒళ్ళంతా బొక్కలే. ఎండలు ముదిరితే బెల్లం ముద్దలు మెత్తబడి గోనెల్లోంచి కారేవి. ఇక చీమలకు పిలుపెందుకు? పప్పులో, పరుపులో, కొత్త చీర మడతలో కూడా అవే.

అత్త మాత్రం ఎన్నడూ విసుక్కునేది కాదు. కనబడ్డ చీమను నేను చెప్పుతో కొడితే నవ్వేది.

"సంపితే ఏమొస్తది పిల్లా? అది ఏడికెళ్లి వస్తాంది, ఏడికి పోతాంది, ఎందుకొస్తాంది, గది చూడాలె ముందుగాల" అనేది.

నల్ల చీమలైతే ఎక్కడో తీపి ఒలికిందని, ఎర్ర చీమలైతే నెయ్యో నూనో చచ్చిన పురుగో ఉందని ఆమె లెక్క. బారు పట్టుకొని మొదటిదాకా వెళ్ళేది. వాటిని రప్పించిన వస్తువును తీసేయించి, బారు నడిచిన దారంతా సబ్బునీళ్ళతో తుడిపించేది. తుడవకపోతే వెనకొచ్చేవి అదే దారి పడతాయట. బొక్కలో సున్నం మెత్తేది. అలమార గోడకు ఆనకూడదు, దాని కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు ఉండాలి. ఆ నీళ్ళ మీద దుమ్ము తెట్టు కడితే చీమలు దాని మీదనే నడిచి వస్తాయి కనుక రోజూ మార్చి, పైన కాస్త గ్యాసునూనె, అంటే కిరసనాయిలు, వేయాలి. ఉట్టి తాడుకు కూడా గ్యాసునూనెలో ముంచిన గుడ్డ చుట్టాలి. ఇవన్నీ నేను సణుగుతూనే నేర్చుకున్నాను. ఈ రోజుకీ ఎవరింటికైనా వెళితే నా కళ్ళు ముందు గోడ మూలలకే పోతాయి.

మామ ఆమెకు పూర్తిగా వ్యతిరేకం. మెత్తటి మనిషి. శనివారం వచ్చిందంటే గోధుమపిండిలో బెల్లం పొడి కలుపుకొని ఊరి బయట చిద్రి వైపు నడిచిపోయి, కనబడ్డ ప్రతి చీమల పుట్ట దగ్గరా పోసి వచ్చేవాడు. వాళ్ళ నాన్న చేశాడట, తాత చేశాడట.

"తీపి అమ్ముకొని బతికేటోళ్ళం. గవి తినేదెంత? ఇంట్ల చీమలను సంపితే నాకు మనసున పట్టదు" అని మాకు గట్టిగా చెప్పి పెట్టాడు.

బయట ఆయన చీమలకు అన్నదాత, లోపల ఈవిడ యముడు. సున్నానికీ సబ్బుకూ లొంగని చీమలు వస్తే, ఆయనకు తెలియకుండా అత్త చీమల మందు తెప్పించేది. పిడకల వెనక డబ్బాలో దాచి, ఆయన దుకాణంలో ఉన్నప్పుడు బొక్కల్లో కూరి, పైన సున్నం పూసి, చచ్చినవాటిని ఊడ్చి, నేల కడిగేసేది. నేను గుమ్మం దగ్గర కాపలా. ఆయన లోపలికొచ్చేసరికి ఇద్దరం ఏమీ ఎరగనట్టు బియ్యం ఏరుకుంటూ కూర్చునేవాళ్ళం. అత్తాకోడళ్ళం కలిసి నవ్వుకున్నది ఆ దొంగతనం వల్లనే.

ఒక ఎండాకాలం పెరట్లో వాడిన నీళ్ళు పోయే మోరి దగ్గర నల్ల చీమలు బారు కట్టాయి. దుకాణం నుంచి వచ్చి మామ కాళ్ళూ చేతులూ కడుక్కునేది ఆ మోరి బండ మీదే, మూత్రానికి కూర్చునేది కూడా అక్కడే. బారు గోడ పొడవునా వచ్చి మోరి మూలన ముద్దగా పట్టేది.

ఇదెందుకొచ్చిందని అత్తను అడిగాను. అడగడం ఆమె నేర్పిందే కదా.

"ఎందుకొస్తది? దినమంత బెల్లంల తిరిగిన కాళ్ళాయె. కడిగితే పారేటియి తీపి నీళ్ళే" అంది.

నాకూ అదే నిజమనిపించింది. బెల్లం కొట్టు ఇంట్లో బతికే ఎవరికైనా అదే తోస్తుంది. ఇంకో ఇంట్లో అయితే ఆ మూలన చీమలు పడితే ఎవరో ఒకరు ఆగి ఆలోచించేవారేమో. మా ఇంట్లో తీపి లేని చోటేది? అత్త మందు కూరింది, సున్నం పూసింది, మళ్ళీ రాకుండా అప్పుడప్పుడూ కూరుతూనే వచ్చింది. మోరి శుభ్రపడింది. అంత మొండి బారును ఒక్కదాన్నే వెళ్ళగొట్టానని ఆమె మురిసిపోయింది.

ఆ వానాకాలంలో మామ చిక్కిపోయాడు. బిందె దగ్గరికి పోయి చెంబు తర్వాత చెంబు నీళ్ళు తాగేవాడు. దుకాణంలో చాకిరీ ఎక్కువైందని మేమనుకున్నాం. ఒకనాడు ఆయన లోపలికి నడిచి వస్తుంటే బండల మీద ఎర్రటి అడుగులు పడ్డాయి. గోనెలు కుట్టే దబ్బనం అరికాల్లో దిగి ఉంది. ఆయనకు తెలియనే లేదు. అత్త దబ్బనం పీకి, పసుపు అద్ది, గుడ్డ కట్టింది.

పుండు మానలేదు. వేపాకు నూరి కట్టాం, పసుపు నూనె పోశాం. చుట్టూ నల్లబడింది. ఇంట్లో వాసన మొదలైంది. దుకాణం నా భర్త చూసుకుంటుంటే మామ మంచం పట్టాడు.

ఒక ఉదయం కట్టు విప్పబోతే గుడ్డ నిండా చీమలు. నేను కేక వేయబోయి నోరు మూసుకున్నాను, మామ నావైపే చూస్తున్నాడు. అత్త ఒక్కొక్క చీమనూ వేళ్ళతో తీసి, కాలు కడిగి, మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టింది. కింద వేలాడే దుప్పటి అంచును పైకి మడిచింది. అయినా వచ్చాయి. దండెం మీద ఆరేసిన ధోవతి కొస మంచానికి తగులుతోందని కనిపెట్టి దండెమే తెంపేసింది. ఆమె వెతికే తీరు చూస్తే నాకు ఏడుపొచ్చింది. మనిషి కుళ్ళిపోతుంటే మేము చీమలు ఏ దారిన వస్తున్నాయని చూస్తున్నాం.

అప్పుడు దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరుకు తెలుగు రాదు, అత్తకు కన్నడం రాదు. మధ్యలో నేను. ఆయన పుండు చూశాడు, మూత్రం పరీక్ష చేయించాడు, మమ్మల్ని వరండాలోకి పిలిచాడు. మూత్రానికి కూర్చున్న చోట చీమలు పట్టేవా అని అడిగాడు. ఆ ప్రశ్నను తెలుగులో అత్తకు చెప్పేటప్పుడే నాకు మా మోరి మూల గుర్తొచ్చింది.



"పట్టేటియి సారూ. నేనే మందు వెట్టి సంపిన" అంది అత్త.

ఒంట్లో చక్కెర జబ్బు ముదిరితే మూత్రంలో తీపి పోతుందని, చీమలు పట్టేది దానికేనని డాక్టరు చెప్పాడు. అప్పుడే తెచ్చి ఉంటే సూదులతో నిలబెట్టేవాళ్ళమన్నాడు. ఇప్పుడు విషం పైకెక్కింది, తొడ దాకా కాలు తీసేయాలి, తీసినా ఏమీ చెప్పలేమన్నాడు. నేను ఒక్కో మాటా తెలుగులో చెప్పాను. అత్త ఒక్కో మాటకూ తల ఊపింది. ఆమెను పట్టుకొని ఏడవాలనిపించింది. కానీ నన్ను దగ్గరికి రానివ్వలేదు.

లోపలికి వెళ్ళేసరికి మామ మెలకువగా ఉన్నాడు. కాలు తీసేస్తారని ఆయనకు అప్పటికే ఎవరో చెప్పారు. అత్తను మంచం మీద కూర్చోమన్నాడు.

"నీకొక మాట దాసిన" అన్నాడు. "మా అన్న కమలనగర్‌ల గిదే బీమారితోని పోయిండు. ఆయన మూత్రం పోసిన కాడ చీమలు పట్టుడు నా కండ్లతోని చూసిన. పోయిన ఎండకాలం మన మోరికాడ చీమలు చూసి నాకు సమజైంది. మీరు పరేషాన్ అయితరని చెప్పలే."

"మరి దవాఖానకన్న పోకపోతివి" అంది అత్త.

"పోదామనే అనుకున్న. గంతల్నే చీమలు వచ్చుడు బందయింది. దినాం పొద్దుగాల పోయి చూసేటోణ్ణి. ఒక్కటి గూడ లేకుండె. దేవుడు దయ జూసిండు, బీమారి పోయింది అనుకున్న."

అత్త నోరు తెరిచింది. మందు సంగతి చెప్పేస్తుందనుకున్నాను. ఆయన కాలి మీద దుప్పటి సర్ది, "జర పండుకో" అంది.

మర్నాడు కాలు తీశారు. ఆయన మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఆ చీమలు ఎందుకు రావడం మానేశాయో తెలియకుండానే పోయాడు.